అప్పు చేసి కుంచె పట్టవచ్చునా?

గత నెల ఒక ఆదివారం ఉదయం మా బావగారు ప్లాస్టిక్ సంచిలో కాగితాల కట్ట పెట్టుకొని మా యింటికి వచ్చారు. మా మేనకోడలికి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ పట్టాకు సీటు వచ్చింది. నాలుగేళ్ల చదువు. ఫీజు, హాస్టలు, రంగులు, కాన్వాసులు, కంప్యూటరు అన్నీ కలుపుకొని ఎనిమిది లక్షల రూపాయలు అప్పు తేవాలి. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకువారు ఆస్తి హామీ అడుగుతారు. బావగారి యిల్లు అన్నదమ్ముల వాటాల తగవులో ఉన్నది. కనుక నా ఫ్లాటు కాగితాలు కావాలి. "నువ్వు ఆ చదువే చదివినవాడివి కదా, దాని విలువ నీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నారాయన.

తెలుసు కనుకనే యివ్వనన్నాను.

అక్క నాలుగు రోజులు ఫోను ఎత్తలేదు. మేనకోడలు యిప్పటికీ మాట్లాడడం లేదు. ఇంటివారి కోపం భరించవచ్చును. దానికి ఒక న్యాయం ఉన్నది. నా చేత ఈ టపా వ్రాయిస్తున్నది మాత్రం మరొకటి. సంగతి తెలిసిన సాహితీ మిత్రులు ముగ్గురు నలుగురు నన్ను మందలించారు. కళను రూపాయలతో తూచరాదట. విద్యకు లాభనష్టాలు బేరీజు వేసేవాడు వర్తకుడే గాని రసికుడు కాడట. బొమ్మలు గీసే నేనే ఒక పిల్ల చేతిలోని కుంచె లాగివేశానట.

ఈ మిత్రులందరూ నెల మొదటి తేదీన జీతం పుచ్చుకొనేవారే. వారి పిల్లలు ఇంజనీరింగు చదివారు. కళను తూచరాదన్న ధర్మాన్ని వారు తమ యింట ఎన్నడూ పరీక్షకు పెట్టలేదు. పరీక్ష జరిగినది మా యింట. ఆ లెక్క ముందు చెప్పి, తరువాత వాదంలోకి వస్తాను.

* * *

మాది తెనాలికి దగ్గర పల్లె. మా నాన్నకు ఎకరంన్నర మాగాణి ఉండేది. 1990లో నాకు హైదరాబాదులో ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చింది. ఫీజు చాలా తక్కువ. ఖర్చంతా ఉండడానికీ, తిండికీ, సామగ్రికీ. ఆ రోజుల్లో ఒక తైలవర్ణపు ట్యూబు కొనాలంటే రెండు పూటల మెస్సు మానుకొనేవాళ్లం. తెల్ల రంగు తొందరగా అయిపోయేది గనుక దానిని పొదుపుగా వాడి, బొమ్మలన్నీ మసకగా గీసేవాళ్లం. అది మా శైలి అని గురువులు పొరబడ్డారు కూడాను.

డబ్బు ఎక్కడిదని నేను అడగలేదు. నాన్న చెప్పలేదు. ఆయన పోయిన తరువాత ట్రంకుపెట్టెలో చెల్లిపోయిన ప్రోనోట్లు మూడు దొరికాయి. మొదటిది 1990 నాటిది, 30,000 రూపాయలకు. వడ్డీ నూటికి రెండు రూపాయలు. పల్లెలో ఆ మాటకు నెలకు రెండు అని అర్థం. అనగా ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదు కనుక, గడువు లోపల తీర్చలేనివాడు మిగిలిన వడ్డీని అసలులో కలిపి నోటు తిరగ వ్రాసి యివ్వాలి. రెండవ నోటు 1993లో 42,000కు. మూడవది 1996లో 55,000కు. ప్రతి నోటు వెనుకా నాన్న పంటపంటకూ కట్టిన సొమ్ము చెల్లు వేసి ఉన్నది: మినుములమ్మి రెండు వేలు, ధాన్యమమ్మి మూడు వేలు. కట్టిన కొద్దీ అప్పు పెరిగింది. చివరకు 1999లో నలభై సెంట్లు అమ్మి తీర్చారు.

అదే కాలంలో నేనేమి సంపాదిస్తున్నానంటారా? 1994లో పట్టా చేతికి వచ్చింది. మొదట ఒక సైను బోర్డుల దుకాణంలో నెలకు 1,200. అంటే మూడవ నోటుకు నెలకు పడే వడ్డీ 1,100, నా తొలి జీతం 1,200. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకొన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాత ఒక పత్రికలో పేజీలు కూర్చే పని దొరికింది; ఆ పిమ్మట యానిమేషన్ సంస్థ. ఈనాడు నాకు తిండికి లోటు లేదు. కాని నా గోడ మీద వ్రేలాడే ప్రతి బొమ్మ వెనుకా నలభై సెంట్ల మాగాణి ఉన్నదని నాకు తెలుసు. ముప్పై ఏళ్లలో నేను అమ్మిన చిత్రాలు పదకొండు.

నేను ఈ చదువుకు పశ్చాత్తాపపడుతున్నానా? లేదు. చూడడం నేర్పిన చదువు అది. ఒక చెట్టు ఆకుపచ్చగా ఉండదనీ, సాయంకాలం దాని నీడలో ఊదా ఉంటుందనీ నాకు తెలిసింది అక్కడే. నా పశ్చాత్తాపం చదువు గురించి కాదు, దానికి కట్టిన త్రాటిని గురించి.

* * *

ఇక మేనకోడలి లెక్క. కలం కాగితం పుచ్చుకొని మీరూ వేయండి.

ఏడాదికి రెండు లక్షల చొప్పున నాలుగేళ్లు అప్పు తీసుకొంటుంది. వడ్డీ పది శాతం అనుకొందాము. చదివే కాలమూ, ఆ తరువాత ఒక ఏడాదీ కిస్తీ కట్టనక్కరలేదు. ఇది బ్యాంకుల దయ అని అందరూ అనుకొంటారు. కిస్తీ ఆగుతుంది గాని వడ్డీ ఆగదు. మొదటి రెండు లక్షల మీద ఐదేళ్లు, రెండవ దాని మీద నాలుగేళ్లు, మూడవ దాని మీద మూడేళ్లు, నాలుగవ దాని మీద రెండేళ్లు. బారువడ్డీ ప్రకారమే 2,80,000 అవుతుంది. అది అసలులో కలుస్తుంది. తిరగ వ్రాసిన నోటన్నమాట! పేరు మాత్రం మారింది. కిస్తీ మొదలయ్యేనాటికి బాకీ 10,80,000.

దీనిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 14,270 రూపాయలు కట్టాలి. మొత్తం 17 లక్షల పైచిలుకు. పదిహేనేళ్లకు సాగదీస్తే నెలకు 11,600. మొత్తం దాదాపు 21 లక్షలు. అప్పుడు పిల్లకు ముప్పై ఎనిమిదేళ్లు వస్తాయి.

మా సంస్థలో చేరే కొత్త పట్టభద్రులకు మేమిచ్చే తొలి జీతం 18,000. అది కూడా చేతిలో పనితనం ఉన్నవారికి. అందులో 14,270 తీసివేస్తే మిగిలేది 3,730. హైదరాబాదులో హాస్టలు మంచానికి కూడా చాలదు. ఇక రంగులెక్కడివి? కాన్వాసు ఎక్కడిది? అన్నింటికీ మించి, ఉద్యోగం మానుకొని ఆరు నెలలు ఒక చిత్రమాలిక గీద్దామన్న స్వేచ్ఛ ఎక్కడిది?

ఈ చివరి ప్రశ్నకే మన రసికులు సమాధానం చెప్పాలి. "కళ కోసం అప్పు చేయనీ" అంటారు. అప్పు మొదట చంపేది కళనే. కిస్తీ ఉన్న చిత్రకారుడు పెండ్లిపత్రికలు కూరుస్తాడు, రియల్ ఎస్టేటు బ్రోచర్లు చేస్తాడు, రాజకీయ నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలకు తలలు అతికిస్తాడు. అవి నీచమైన పనులని అనను, నేనూ చేశాను. కాని ఆ పనులు చేయడానికి నాలుగేళ్ల చదువూ, పదిహేనేళ్ల బాకీ అవసరం లేదు. ఆరు నెలల కంప్యూటరు శిక్షణ చాలును. తన గీత తాను వెతుక్కోవడానికి వెళ్లిన పిల్లను ఆ వెతుకులాటకు తీరికే లేకుండా చేసే అప్పును కళాపోషణ అనడం ఎట్లా?

* * *

"ఇంజనీరింగుకు పది లక్షలు అప్పు చేస్తే తప్పు లేదు గాని బొమ్మలకు చేస్తే తప్పా?" అని ఒక మిత్రురాలు అడిగారు. మంచి ప్రశ్న. ఇంజనీరింగు గొప్పది, చిత్రలేఖనం తక్కువది అని నేననను. పట్టా పుచ్చుకొని ఉద్యోగం లేక తిరిగే ఇంజనీర్లు మన వీధి వీధిలో ఉన్నారు. ఆ అప్పులూ అడగవలసినవే. కాని రెండు చదువుల రాబడికీ తీరు వేరు. ఇంజనీరుకు ఉద్యోగం అంటూ దొరికితే మొదటి నెలలోనే జీతం వస్తుంది, నెలనెలా వస్తుంది. కిస్తీ కూడా నెలనెలా వస్తుంది. రెండూ ఒకే గడియారానికి నడుస్తాయి. చిత్రకారుని రాబడి ఆలస్యంగా వస్తుంది, ముక్కలుగా వస్తుంది, కొన్నిసార్లు చచ్చిన తరువాత వస్తుంది. మామిడి మొక్క నాటి, మరుసటి నెల నుండే పండ్ల మీద శిస్తు కట్టమంటే ఎట్లాగో, ఈ చదువుకు నెల కిస్తీ కట్టమనడమూ అట్లాగే.

మన పెద్ద చిత్రకారుల చరిత్ర తిరగవేసి చూడండి. దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అతని చేతిలోని వరాన్ని గుర్తించి, పూనుకొని 1916లో బొంబాయి జె.జె. స్కూలుకు పంపించాడు. తిరిగివచ్చిన రామారావు 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచికం సోకి, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే కన్నుమూశాడు. ఒక్కసారి ఊహించండి: కూల్డ్రే స్థానంలో ఒక బ్యాంకు ఉండి ఉంటే? చదువు ముగిసిన తరువాత అతనికి దక్కిన ఆ కొద్ది ఏళ్లూ కిస్తీలకే పోయేవి. ఆంధ్ర చిత్రకళకు ఒక బడి ఉండేది కాదు. రాజమండ్రిలో ఆయన పేరిట నేడున్న చిత్రశాలకు గోడల మీద పెట్టడానికి బొమ్మలూ ఉండేవి కావు.

తోట వైకుంఠం కరీంనగర్ జిల్లా పల్లె నుండి వచ్చినవారు. హైదరాబాదులో చదివి, ఆంధ్రప్రదేశ్ లలిత కళా అకాడమీ యిచ్చిన ఉపకారవేతనంతో బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ వద్ద నేర్చుకొన్నారు. ఆయన పేరు చెప్పగానే మనకు కనిపించే ఆ తెలంగాణ స్త్రీమూర్తులు పట్టా పుచ్చుకొన్న మరునాడు పుట్టినవి కావు. నడుమ సినిమాలకు కళాదర్శకత్వం ఉన్నది; 'దాసి' సినిమాకు జాతీయ పురస్కారం ఉన్నది; ఎన్నో ఏండ్ల బొగ్గు గీతలున్నవి. ఆ నిరీక్షణకు వెల కట్టినది ఉపకారవేతనమూ, ఉద్యోగమూ. గుడివాడ ప్రాంతపు ఎస్.వి. రామారావు 1960లలో లండను స్లేడ్ స్కూలుకు వెళ్లినది కామన్వెల్త్ ఉపకారవేతనంతో.

చందమామ శంకర్ సంగతి మనందరికీ ప్రియమైనది. మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాలలో చదివి, 1952లో చందమామలో చేరి, దశాబ్దాల పాటు అక్కడే గీశారు. విక్రముడి భుజాన భేతాళుణ్ణి మన కళ్లకు కట్టిన ఆ చేయి 2020లో, తొంభై ఆరేళ్ల వయసులో విశ్రమించింది. ఆ గీత అంత నిలకడగా సాగడానికి వెనుక ఒక పత్రిక ఉన్నది, ఒక జీతం ఉన్నది. బాపుకైతే మద్రాసులో చదివిన న్యాయశాస్త్రపు పట్టా ఉన్నది; బొమ్మల పట్టా లేనే లేదు.

ఒకరికి దాత, ఒకరికి అకాడమీ, ఒకరికి నెల జీతం. వీరి చదువుకు ఎవరో ఒకరు డబ్బు పెట్టారు. ఆ పెట్టినవారు నెలనెలా తలుపు తట్టలేదు. వీరిని ఉదాహరణగా చూపి నేటి పిల్లను బ్యాంకు వద్దకు పంపడం, ఈత నేర్చినవారిని చూపించి రాయి కట్టి బావిలో దింపడం వంటిది.

* * *

ఈ అప్పు జబ్బు మనకు ఒక్కరికే లేదు. అమెరికాలో ఉన్న మన తెలుగువారి పిల్లలు కొందరు ఇప్పుడు చిత్రకళ వైపు పోతున్నారు. వారి తల్లిదండ్రులకు కూడా ఈ లెక్క పనికివస్తుంది. న్యూయార్కులో కూపర్ యూనియన్ అని ఒక సంస్థ ఉన్నది. పీటర్ కూపర్ అనే పారిశ్రామికుడు 1859లో స్థాపించాడు. చిత్రకళ, వాస్తు, ఇంజనీరింగు నేర్పుతారు. చాలా కాలం పట్టా విద్యార్థులందరికీ అక్కడ బోధన రుసుము లేదు. 2006లో ఆ సంస్థ కొత్త భవనం కట్టుకోవడానికి 17 కోట్ల 50 లక్షల డాలర్లు అప్పు తెచ్చింది. అప్పు మెడకు చుట్టుకొన్నది. 2014లో చేరిన విద్యార్థుల నుండి ఫీజు వసూలు మొదలయింది. విద్యార్థులు అంతకు ముందు ఏడాది అధ్యక్షుని కార్యాలయాన్ని నెలల తరబడి ఆక్రమించి కూర్చున్నారు. కోర్టు దాకా వెళ్లారు. మరల ఉచిత విద్యకు మళ్లాలన్న ప్రయత్నంలో భాగంగా 2024లో చివరి సంవత్సరం విద్యార్థులకు దాతల సొమ్ముతో ఫీజు ఎత్తివేశారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మేనకోడలికి సీటిచ్చిన విశ్వవిద్యాలయపు పుస్తకం నేను తిరగవేశాను. నలభై పేజీలలో ముప్పై పేజీలు అద్దాల భవనాలు. చిత్రకళ బోధించే గురువుల పేర్లు అర పేజీ. అందులో వారు గీసిన బొమ్మ ఒక్కటీ లేదు. ఆ అద్దాలకు ఎవరు డబ్బు కడతారు? పద్దెనిమిదేళ్ల పిల్ల, పదిహేనేళ్ల పాటు.

మరి ప్రభుత్వమేమి చేస్తున్నదంటారా? 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ఎంపికైన సంస్థలలో సీటు వస్తే ఆస్తి హామీ లేకుండా, పూచీదారు లేకుండా అప్పు యిస్తారు. ఏడాదికి ఎనిమిది లక్షల లోపు రాబడి గల కుటుంబాలకు పది లక్షల వరకు రుణం మీద వడ్డీలో మూడు శాతం భరిస్తారు. మంచిదే. కాని ఆ సంస్థల ఎంపికకు ఆధారం ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు. అందులో ఇంజనీరింగుకు జాబితా ఉన్నది, వైద్యానికి ఉన్నది, న్యాయానికి ఉన్నది, మందుల శాస్త్రానికి ఉన్నది, వాస్తుకు ఉన్నది. చిత్రకళకు ప్రత్యేకంగా జాబితా లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలలోనో, ర్యాంకు వచ్చిన పెద్ద విశ్వవిద్యాలయంలో ఒక శాఖగానో ఉంటే తప్ప, చిత్రకళాశాలకు ఆ తలుపు తెరుచుకోదు. లెక్కలోకే రాని చదువుకు మేలు ఎట్లా జరుగుతుంది?

ఆస్ట్రేలియాలో 1989 నుండి మరొక పద్ధతి ఉన్నది. విద్యార్థి రాబడి ఒక మట్టం దాటినప్పుడే, పన్నుతో పాటు, రాబడిని బట్టి బాకీ వసూలు చేస్తారు. రాబడి లేని ఏడాది కిస్తీ లేదు. చిత్రకారుని రాబడి తీరుకు సరిపడే అప్పు అంటే అది. అటువంటిది మన దేశంలో వచ్చిననాడు నా ఫ్లాటు కాగితాలు ఎవరూ అడగనక్కరలేదు.

* * *

ఇప్పుడు నన్ను మందలించిన మిత్రులతో నాకొక లెక్క మిగిలి ఉన్నది. నొప్పి కలిగితే మన్నించండి, కాని చెప్పక తప్పదు.

గడచిన పదిహేనేళ్లలో తెలుగు పుస్తకాలకు నేను గీసిన ముఖచిత్రాలు ఇరవై మూడు. కథా సంపుటాలు, కవితా సంకలనాలు, ఒకటి రెండు నవలలు. వాటిలో డబ్బు ముట్టినవి తొమ్మిది. తక్కిన పద్నాలుగింటికి నాకు దక్కినవి పుస్తకం రెండేసి ప్రతులు, ఆవిష్కరణ సభలో వేదిక మీదకు పిలుపు, శాలువాలు ఐదు. కాగితం అమ్మినవాడికి డబ్బిచ్చారు. అచ్చు వేసినవాడికిచ్చారు. బైండింగు చేసినవాడికిచ్చారు. సభలో టీలు అందించినవాడికి కూడా యిచ్చారు. బొమ్మ గీసినవాణ్ణి మాత్రం "మీ కళకు వెల కట్టగలమా!" అన్నారు.

ఆ మాట వినవినగా నాకు ఒకటి బోధపడింది. కళకు వెల కట్టరాదు అని అనేవారిలో చాలామందికి దాని అర్థం, వెల నేను కట్టను అని. చిత్రకళ చదువు అన్నం పెట్టదని నిట్టూర్చే సాహితీపరులే ఆ అన్నం పెట్టవలసినవారిలో మొదటివారు. చేతివ్రాత బోర్డులను 2000 తరువాత ఫ్లెక్సీ మింగింది. సినిమా బ్యానర్లు గీసే మేస్త్రీలు ఆటోలు నడుపుకొన్నారు. 2022 తరువాత నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మ గీసిపెట్టే యంత్రాలు వచ్చాయి. నిరుడు ఒక కవిగారు తన పుస్తకానికి యంత్రం గీసిన ముఖచిత్రం వేసుకొని, ఆ పుస్తకంలోనే చేతివృత్తుల పతనంపై ఒక దీర్ఘకవిత అచ్చు వేశారు. ఆయన కూడా నన్ను మందలించినవారిలో ఉన్నారు.

అమ్మాయి అప్పు చేసి చదివి వచ్చిన తరువాత ఆమె బొమ్మకు డబ్బిచ్చేదెవరు? ఈ ప్రశ్నకు సమాధానం లేకుండా "చదవనీ" అనడం ఉదారత కాదు. ఇతరుల యింటి పత్రాల మీద చూపే ఉదారత చాలా తేలిక.

* * *

అయితే ఏమి చేయమంటావు, పిల్లను ఇంట కూర్చోబెట్టమంటావా అంటే, అదీ చెబుతాను.

ప్రభుత్వ కళాశాలలున్నవి. హైదరాబాదులో 2008లో జవహర్‌లాల్ నెహ్రూ పేరిట వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయం ఏర్పడింది. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చిత్రకళాశాఖ ఉన్నది. కడపలో 2020లో ఒక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో శాంతినికేతనపు కళాభవన్ ఉన్నది, బరోడా ఉన్నది. సీట్లు తక్కువ, ప్రవేశపరీక్ష కఠినం. కాని అక్కడి ఫీజుకు, అద్దాల భవనాల ఫీజుకు పోలికే లేదు. ఒక ఏడాది ఆగి, రోజూ నాలుగు గంటలు బొమ్మ వేసి, పరీక్ష వ్రాయమన్నాను. పోయేది ఒక ఏడాది. ఆ ప్రైవేటు అప్పుతో పోయేవి పదిహేను.

ఆ ఏడాదిలోనే డ్రాయింగు లోయర్ పరీక్షకు కట్టమన్నాను, తరువాత హయ్యర్. బడిలో డ్రాయింగు మాస్టరు ఉద్యోగానికి పనికివచ్చే పరీక్షలవి. కళాకారులు వాటిని చిన్నచూపు చూస్తారు. వద్దు. కూడు పెట్టే చిన్న విద్య చేతిలో ఉన్నవాడే పెద్ద విద్యకు భయపడకుండా కాలం యివ్వగలడు.

నేను ఒక హద్దు పెట్టుకొన్నాను. పట్టా పూర్తయ్యేనాటికి ఉన్న మొత్తం బాకీ, తొలి ఏడాది రాగల జీతంలో సగం మించరాదు. అనగా మా సంస్థ జీతం ప్రకారం లక్ష రూపాయల లోపు. అంతవరకు అప్పు చేయవచ్చును; రెండేళ్లు ఒళ్లు వంచి తీర్చవచ్చును. దానిపైన చేసిన ప్రతి రూపాయీ కుంచె పట్టే చేతిని ఒక వ్రేలు చొప్పున కట్టివేస్తుంది. ప్రభుత్వ కళాశాలలో సీటు వస్తే హాస్టలు, సామగ్రి ఖర్చు నాలుగేళ్లూ నేనే పెట్టుకొంటానని అక్కకు కబురు చేశాను. అప్పుగా కాదు. మా నాన్న నాకు పెట్టినట్లే. తేడా ఒక్కటే, ఈసారి నోటు వ్రాయనక్కరలేదు.

ఇంకా జవాబు రాలేదు. అమ్మాయికి నా మీద కోపం తీరకపోవచ్చును. తోటివారంతా కొత్త బట్టలు కట్టుకొని కళాశాలకు వెళ్తుంటే, ఇంట కూర్చొని కూజానూ, కుర్చీనీ నాలుగు వందల సార్లు గీయడం పద్దెనిమిదేళ్లకు శిక్షలాగే ఉంటుంది. ఆ వయసులో నాకెవరైనా ఈ మాట చెబితే నేనూ వినేవాణ్ణి కాను. అందుకే మా నాన్న చెప్పలేదు కాబోలు. కాని ఆ మూడు నోట్లు చూసిన తరువాత నేను మౌనంగా సంతకం పెట్టలేను. ఆయన చెప్పకుండా మోశారు. నేను చెప్పి మోస్తానంటున్నాను.

మిత్రులారా, నన్ను కాదనండి, తప్పు లేదు. అయితే రసికతతో రాకండి, లెక్కతో రండి. నెలకు 14,270 ఎక్కడి నుండి వస్తుందో చూపించండి. లేదా మరొక మార్గమున్నది: మీ తదుపరి పుస్తకానికి ముఖచిత్రం ఒక కొత్త పిల్ల చేత గీయించండి, గీయించి డబ్బివ్వండి. అటువంటివారు ఏడాదికి వందమంది తేలిననాడు, నేనే మా బావగారి యింటికి వెళ్లి ఫ్లాటు కాగితాలు చేతిలో పెట్టి వస్తాను.